ఆరు సెకన్ల పనితనం

బంతిని చూడకండి. అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూస్తున్న తెలుగువాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. బంతి వెంట కెమెరా ఎలాగూ పరిగెడుతుంది. మీరు మాత్రం బంతి దగ్గర వరసగా వంగి నిలబడ్డ ఆ ఐదుగురు భారీ మనుషుల పాదాలు చూడండి. ఒక్కొక్కరూ 140 కిలోలకు అటూ ఇటూ ఉంటారు. స్నాప్ పడగానే, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టగానే, మొదటి అడుగు ఎటు వేశారు, ఎంత పొట్టిగా వేశారు, ఎదుటివాడి నడుము కన్నా తమ నడుము కిందికి దించారా లేదా అన్నదాని మీదే ఆ ఎత్తు పారడం, పారకపోవడం తేలిపోతుంది. ఆదివారం వస్తే ఒక దేశం టీవీకి అతుక్కుపోవడానికి, వృత్తి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను 2024లో 12 కోట్ల మందికి పైగా చూడడానికి అసలు కారణం ఈ పనితనమేనని నా గట్టి నమ్మకం.

"ఇదేం ఆటండీ, ఆడేది తక్కువ, ఆగేది ఎక్కువ" అని మనవాళ్లు పెదవి విరుస్తారు. మూడు గంటల ప్రసారంలో బంతి నిజంగా కదిలేది పదకొండు నిమిషాలకు అటూ ఇటూ, కాదనను. కానీ క్రికెట్‌తో పెరిగినవాళ్లకు ఆగడంలోని రుచి ఒకరు చెప్పాలా? బౌలర్ వెనక్కి నడుస్తుండగా కెప్టెన్ ఒక ఫీల్డర్‌ని నాలుగడుగులు జరుపుతాడే, ఆ ఉత్కంఠే ఇక్కడ ప్రతి స్నాప్‌కీ ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో (డౌన్లలో) పది గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. ఒక ఎత్తు ముగిశాక మరో ఎత్తుకు గడువు 40 సెకన్లు. మూడో డౌన్, కావలసింది రెండే గజాలు. పరిగెత్తుతారా, విసురుతారా? ఆ 40 సెకన్లూ స్టేడియంలో ప్రతి మనిషీ కోచే. ఆ తర్వాత ఐదారు సెకన్లలో ఇరవై రెండు మంది చేసేదంతా అతని లెక్కకు జవాబు. ప్రేక్షకుడికి ఇంత ఆలోచించే తీరిక, ఇంత వాదించుకునే చోటు ఇచ్చే ఆట నాకు మరొకటి తెలియదు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల కుర్రాళ్లు బంతిని తన్నుతూ ఆడిన ఆట ఇప్పటి సాకర్‌కే దగ్గర. దాన్ని ఈ రూపంలోకి మలిచింది యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్. 1880లో గీత దగ్గర ఆగి మొదలుపెట్టడం, 1882లో డౌన్ల లెక్క ఆయన చలవే. ముందుకు విసరడం 1906లో న్యాయమైంది. బంతిని ఒకప్పుడు పంది మూత్రాశయంతో చేసేవారట. ఇప్పుడది ఆవుతోలు, ఓహాయో రాష్ట్రంలోని ఏడా అనే చిన్న ఊళ్లో చేత్తో తయారుచేస్తారు. అంతే, ఇక పనివాళ్ల దగ్గరికి పోదాం.

పనివాళ్లంటే నాకు ముందు గుర్తొచ్చేది 1960ల గ్రీన్‌బే ప్యాకర్స్. నేను ప్యాకర్స్ మనిషిని, దాచుకోను. విన్స్ లొంబార్డీ 1959లో అక్కడ కోచ్‌గా వచ్చి ఒక్క ఎత్తును జట్టు చేత అరగదీయించాడు. దాని పేరు స్వీప్. స్నాప్ పడగానే జెర్రీ క్రేమర్, ఫజీ థర్స్‌టన్ అనే ఇద్దరు గార్డులు లైను వదిలి పక్కకు పరుగు తీస్తారు. వాళ్ల వెనక బంతితో పాల్ హోర్నంగ్. ఫుల్‌బ్యాక్ జిమ్ టేలర్ ఎదుటి లైను చివరివాడిని పడగొట్టాలి. టైట్ ఎండ్ రాన్ క్రేమర్ తన లైన్‌బ్యాకర్‌ను అతను ఎటు లాగితే అటే నెట్టాలి. ఆ నెట్టుడును బట్టి దారి లోపల తెరుచుకుంటుందో బయట తెరుచుకుంటుందో పరుగు మధ్యలో హోర్నంగ్ చూసి తిరగాలి. వాళ్లు ఏం చేయబోతున్నారో ఎదుటి జట్టుకు తెలుసు, చూసేవాళ్లకు తెలుసు. తెలిసీ ఆపలేకపోయారు! ఈ ఒక్క ఎత్తు మీద లొంబార్డీ ఎనిమిది గంటలు మాట్లాడగా విన్నానని జాన్ మ్యాడెన్ చెప్పేవాడు. తర్వాత ఆ మ్యాడెనే గొప్ప కోచ్ అయ్యాడు, టీవీ తెర మీద గీతలు గీసి లైన్‌మన్ల పనిని కోట్లాది ఇళ్లకు విప్పి చెప్పాడు.

ఆ పనితనానికి అసలు పరీక్ష 1967 డిసెంబర్ 31న జరిగింది. గ్రీన్‌బేలో మైనస్ 25 డిగ్రీల చలి. మైదానం కింద వేసిన వేడి తీగలు పనిచేయక నేల మంచుగడ్డ అయిపోయింది. రిఫరీల విజిళ్లు పెదాలకు అంటుకుపోయాయి. ఆ చలిలో 50 వేల మంది కదలకుండా కూర్చున్నారు. డాలస్ కౌబాయ్స్ 17, ప్యాకర్స్ 14. ఇక 16 సెకన్లే ఉన్నాయి, గోల్ గీత గజం కన్నా తక్కువ దూరంలో ఉంది, టైమౌట్లు అయిపోయాయి. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ బంతిని ఫుల్‌బ్యాక్ చక్ మర్సీన్‌కు ఇచ్చే ఎత్తు పిలిచి, ఇవ్వకుండా తానే దూరాడు. ఆ సంగతి తోటివాళ్లకు కూడా చెప్పలేదు. జారే మంచు మీద కాలు ఊని జెర్రీ క్రేమర్, సెంటర్ కెన్ బోమన్ కలిసి ఎదుటి జట్టు జెత్రో ప్యూను ఎత్తి తోసిన తోపు ఉంది చూశారూ, దాని ఫొటో చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. 21-17తో గెలిచారు. డాలస్‌ను అమెరికా జట్టు అని పిలుచుకుంటారు, పిలుచుకోనివ్వండి. ఆ రోజు అమెరికా ఆ గజం నేల మీదే ఉంది.

బంతి అందుకునేవాళ్ల విద్య వేరు. 1930లలో డాన్ హట్సన్ వచ్చేదాకా రిసీవర్ అంటే ఖాళీగా కనబడ్డ చోటికి ఉరికేవాడే. ఎన్ని అడుగులకు తిరగాలి, ఏ కాలు మీద తిరగాలి అని రూట్లను కొలతపెట్టి ఆడినవాడు హట్సన్. 1945లో ఒక్క క్వార్టర్‌లో నాలుగు టచ్‌డౌన్లు, ఐదు కిక్కులతో 29 పాయింట్లు కొట్టాడు! ఆ దారిని శిఖరానికి చేర్చినవాడు శాన్‌ఫ్రాన్సిస్కో జెర్రీ రైస్. తాపీమేస్త్రీ అయిన తండ్రి దగ్గర ఇటుకలు అందుకుంటూ పెరిగిన చేతులవి. అతని రూట్లన్నిటికీ మొదటి అడుగులు ఒకేలా ఉంటాయి, కాపలాదారుకు తేడా చిక్కదు. తిరిగేటప్పుడు నడుము దించుతాడు గానీ వేగం దించడు. కెరీర్‌లో 22,895 గజాలు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్ ఐదు వేల గజాలకు పైగా వెనకే ఉండిపోయాడు.

క్వార్టర్‌బ్యాక్ గొంతు కూడా ఒక పనిముట్టే. ఆరన్ రోజర్స్ స్నాప్‌కు ముందు అరిచే అరుపుల్లో ఒకదాన్ని కావాలని గట్టిగా వత్తేవాడు. అదే స్నాప్ అనుకుని ఎదుటివాడు గీత దాటేవాడు. జెండా పడేది, జరిమానా ఎటూ ఖాయం గనక రోజర్స్ నిర్భయంగా దూరానికి విసిరేవాడు. పేటన్ మ్యానింగ్ అయితే లైను దగ్గర నిలబడే ఎత్తు మొత్తం మార్చేసేవాడు. ఇక డిఫెన్స్‌లో నా దేవుడు రెగ్గీ వైట్. 1993లో స్వేచ్ఛగా జట్టు ఎంచుకునే హక్కు దొరికితే పెద్ద నగరాలు వదిలి చిన్న గ్రీన్‌బేకు వచ్చాడు. బయటి నుంచి ఉరుకుతున్నట్టు నటించి, లైన్‌మన్ అటు బరువు వేయగానే లోపలికి ఒక్క చేత్తో అతన్ని ఎత్తి పక్కన పెట్టేసేవాడు. 1997 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో మూడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టి మా కప్పు మాకు తెచ్చాడు. కప్పు మీద ఉన్న పేరు లొంబార్డీది మరి!

పనితనం ఒక్కటే అయితే ఇంత అభిమానం పుట్టదు. ఊరు కూడా కావాలి. గ్రీన్‌బే లక్ష జనాభా ఊరు. ఆ జట్టుకు యజమాని అంటూ ఒక కోటీశ్వరుడు లేడు. 1923 నుంచి వాటాలు జనానివే, ఇప్పుడు ఐదు లక్షల మందికి పైగా వాటాదారులున్నారు. ఆ వాటాకు లాభం రాదు, టికెట్ రాదు, అమ్ముకోవడానికి వీల్లేదు. అయినా కొంటారు. 1960 నుంచి సీజన్ టికెట్లు ఒక్కటీ మిగల్లేదు. మంచు కురిస్తే ఊరివాళ్లు పారలు పట్టుకుని స్టేడియానికి వస్తారు. వేసవి శిక్షణలో ఆటగాళ్లు పిల్లల సైకిళ్లు తొక్కుకుంటూ మైదానానికి వెళ్తారు, పిల్లలు వాళ్ల హెల్మెట్లు మోస్తూ పక్కనే పరిగెడతారు.

ఇంత చిన్న ఊరు న్యూయార్క్‌తో సమానంగా ఎలా నిలిచింది? టీవీ డబ్బును అన్ని జట్లూ సమానంగా పంచుకోవాలని 1961లో లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ పట్టుబట్టాడు. అత్యధికంగా నష్టపోయేది న్యూయార్క్ జెయింట్స్, అయినా దాని యజమాని వెలింగ్టన్ మారా సరేనన్నాడు. 1936 నుంచే ఆఖరున నిలిచిన జట్టుకు కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి అవకాశం ఉంది. 1994లో జీతాలకు పరిమితి వచ్చింది. అందుకే ప్రతి సెప్టెంబర్‌లో ప్రతి ఊరికీ ఈ ఏడు మనదే అనుకునే హక్కు మిగిలింది. ఈ ఆటకున్న ఆదరణలో సగం ఆ హక్కు పెట్టిన భిక్షే.

ఆ హక్కును అమ్ముకుంటున్నవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. 1984 మార్చిలో ఒక రాత్రి, మంచు పడుతుండగా, బాల్టిమోర్ కోల్ట్స్ సామానంతా లారీలకెక్కించి ఇండియానాపోలిస్‌కు తరలించారు. తెల్లారేసరికి ఊరికి జట్టు లేదు! ఆ జట్టు బ్యాండువాళ్లు మాత్రం విడిపోలేదు. 1996లో మళ్లీ జట్టు వచ్చేదాకా జట్టు లేని బ్యాండుగానే వాయిస్తూ తిరిగారు. 1995లో క్లీవ్‌లండ్ జట్టును ఎత్తుకుపోతుంటే ఆ ఊరి జనం తిరగబడి పేరు, రంగులు, చరిత్ర తమ దగ్గరే ఉంచుకున్నారు. సెయింట్ లూయిస్, శాన్‌డియాగో, ఓక్లండ్ అంత అదృష్టానికి నోచుకోలేదు. ఓక్లండ్ అయితే ఒకే జట్టును రెండుసార్లు పోగొట్టుకుంది. కొత్త స్టేడియంకి ప్రజల పన్నుల డబ్బు ఇవ్వండి, లేదా జట్టు వెళ్లిపోతుంది అనే బెదిరింపు ఈనాటికీ ఆగలేదు.

నేల కూడా నకిలీది వేశారు. లీగ్ స్టేడియంలలో దాదాపు సగం ప్లాస్టిక్ గడ్డే. గడ్డి పరచండి మహాప్రభో అని ఆటగాళ్ల సంఘం మొత్తుకుంటోంది. 2026 ప్రపంచ కప్ సాకర్‌కు అసలు గడ్డి ఉండి తీరాలని ఫిఫా షరతు పెడితే అవే స్టేడియంలవాళ్లు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. పరాయి ఆటకు మొలిచే గడ్డి సొంత ఆటగాళ్ల మోకాళ్ల కింద మొలవదా?

పనితనమూ పలచబడుతోంది. తల పక్కకు పెట్టి, భుజం తొడకు ఆనించి, రెండు చేతులూ చుట్టి, కాళ్లు ఆడిస్తూ పడగొట్టడం మా ప్యాకర్స్ రే నిచ్‌కీ తరం ట్యాకిల్. ఇప్పుడు హెల్మెట్‌తో గుద్ది టీవీలో మళ్లీ మళ్లీ చూపించుకోవాలన్న యావ పెరిగింది. చేతులు చుట్టనివాడి కింద నుంచి ఎదుటివాడు లేచి పోతున్నాడు, గుద్దినవాడి మెదడు దెబ్బతింటోంది. పిట్స్‌బర్గ్ సెంటర్ మైక్ వెబ్‌స్టర్ 2002లో చనిపోయాక అతని మెదడులో ఇలాంటి దెబ్బల వల్ల వచ్చే జబ్బు బయటపడింది. లీగ్ ఏళ్ల తరబడి కాదు, లేదు అని బుకాయించి 2016లో గానీ ఆటకూ ఆ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని బాహాటంగా ఒప్పుకోలేదు. ఆటను ప్రేమించేవాళ్లమే ఈ మాట అందరికన్నా గట్టిగా అనాలి. శుభ్రమైన ట్యాకిల్ నేర్పడం, పిల్లల తలలు కాపాడడం ఒకే పని.

కాలేజీ ఆట పరిస్థితి ఇంకా దారుణం. పసిఫిక్ తీరపు కాలేజీల సమాఖ్య నుంచి టీవీ డబ్బు కోసం 2024లో పది విశ్వవిద్యాలయాలు బయటికి పోయాయి. ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ తీర సమాఖ్యలో ఆడుతోంది. పక్క ఊరి మీద వందేళ్లుగా పెంచుకున్న పోటీని తెంచి పారేస్తే ఆటలో మిగిలేదేమిటి? పైగా 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో పందేలకు తలుపులు తెరుచుకున్నాక ప్రతి విరామంలోనూ పందెం ప్రకటనే. స్నాప్‌కు ముందు ఆ 40 సెకన్లలో కుర్రకారు ఎత్తు గురించి వాదించుకునేవారు, ఇప్పుడు ఫోన్‌లో డబ్బు కాస్తున్నారు.

డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లలో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి, కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఫ్రిస్కోలోనే ఉంది. వాళ్లందరికీ నా విన్నపం ఒకటే. ఖరీదైన టికెట్లు, పందేల యాప్‌లు పక్కన పెట్టి శుక్రవారం రాత్రి మీ పిల్లల హైస్కూలు మైదానానికి వెళ్లండి. అక్కడ లైన్‌మన్ల పేర్లు తెలుసుకోండి, మంచి బ్లాక్ పడితే పేరు పెట్టి అరవండి. పని తెలిసిన ప్రేక్షకుడి ముందు ఏ ఆటగాడూ నాసిరకంగా ఆడడు. ఇక లీగ్‌కు చెప్పాల్సింది కూడా ఒకటుంది. గ్రీన్‌బే తరహాలో జనం చేతిలో జట్టు ఉండడాన్ని లీగ్ నిబంధనలు నిషేధించాయి, పాతది గనక ప్యాకర్స్‌కు మాత్రమే మినహాయింపు ఇచ్చాయి. ఆ నిబంధన పోవాలి. లక్ష మంది ఊరు వందేళ్లు నడిపి చూపించిన పనిని ఓక్లండ్ చేయలేదా, సెయింట్ లూయిస్ చేయలేదా? జట్టును ఊరి పేరుతో పిలుస్తున్నారు, ఊరి డబ్బుతో స్టేడియం కడుతున్నారు. అది ఊరి సొత్తేనని కాగితం మీద కూడా రాయండి.