ఆల్చిప్పలో దాగిన పైరు

సముద్రపు నాచును మొక్క అనేస్తాం గానీ దానికి వేరు లేదు, కాండం లేదు, ఆకూ లేదు. రాయిని కరుచుకున్న అడుగుభాగం వేరులా కనిపించినా దాని పని పట్టు వరకే. తనకు కావలసిందంతా ఒళ్లంతటితో ఉప్పునీటి నుంచే పీల్చుకుంటుంది. రంగును బట్టి పచ్చ, గోధుమ, ఎరుపు అని మూడు తెగలు. ఐస్‌క్రీంను చిక్కబరిచే క్యారజీనన్, ప్రయోగశాలల్లో సూక్ష్మజీవుల్ని పెంచే అగర్ ఎర్రనాచు ఇచ్చినవే. ఇంత అక్కరకొచ్చేదాన్ని పండించాలంటే ముందు దాని పుట్టుక తెలియాలి. జపాన్ నోరి సాగు కథ విన్నవాళ్లకు ఈ మాట అతిగా తోచదు.

నోరి పోర్ఫైరాగా పేరుపడ్డ ఎర్రనాచు. ఉల్లిపొర కన్నా పలచన, మందమంతా ఒకే వరుస కణాలు. చలికాలపు పంట కోసం అక్కడి రైతులు తరతరాలుగా తీరపు నీళ్లలో వెదురు కొమ్మలు పాతి, తర్వాత వలలు కట్టి ఎదురుచూశారు. వేసవిలో అది ఎటు పోతుందో, మళ్లీ ఎక్కణ్నుంచి వస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పంట దెబ్బతింటే ఏం చేయాలో తోచలేదు. 1949లో ఇంగ్లండులోని మాంచెస్టర్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ ఆ గుట్టు విప్పారు. పోర్ఫైరా బీజాలు చిప్పల్లోకి తొలుచుకుపోయి గులాబీరంగు దారాలుగా బతుకుతున్నాయి. అంతవరకూ ఆ దారాలను కాంకోసెలిస్ అనే వేరే జీవిగా లెక్కగట్టారు! జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని అందిపుచ్చుకుని, తొట్లలో ఆల్చిప్పల మీద ఆ దారాలను పెంచారు. నీరు చల్లబడగానే అవి విడిచే బీజాలను వలలకు పట్టించారు. జపాన్‌ను ఎన్నడూ చూడని డ్రూకు 1963లో అక్కడి ఉటో తీరంలో స్మారకం వెలిసింది.

ఈ చదువు లేకుండానే తరతరాలు పండించారు కదా అనవచ్చు. ఏ నెలలో, ఏ లోతున వల కట్టాలో వాళ్లకు తెలుసు. ఆ నేర్పు లేకపోతే తొట్లలోని చిప్పలూ దండగే. కానీ పంట పోయిన ఏడు ఎందుకు పోయిందో ఆ నేర్పు చెప్పలేకపోయింది. తమిళనాడులోని రామనాథపురం తీరంలో కప్పాఫైకస్ అనే ఎర్రనాచు సాగుకు బీజంతో పనేముందని మరో ప్రశ్న. నిజమే, వెదురు తెప్పలకు ముక్కలు కట్టి, 45 రోజులకు కోసి, అందులోంచే మళ్లీ నాటే ముక్కలు తీస్తారు. అయితే ముక్క నుంచి ముక్కగా వచ్చిన పైరంతా ఒకే ఒడలు. ఒకదాన్ని కూల్చే వేడి, తెగులు అన్నింటినీ కూల్చగలవు. పైగా తెగిన ముక్క చాలు అది కొత్తచోట పాతుకోవడానికి. అక్కడి కురుసడై దీవి దగ్గర పగడాల మీద అది పరుచుకున్నది అలాగే. మన విశాఖ రాళ్ల మీదా పోర్ఫైరా ఏడాదిలో కొన్ని నెలలు మొలిచి మాయమవుతుంది. దాని సాగుకు పూనుకునే ముందు, మిగతా నెలలు అది ఏ చిప్పలో తలదాచుకుంటోందో వెతకాలి.