ఇసుకలో తీపి నీరు

భావనపాడు ఊరికి ఒక పక్క సముద్రం. దగ్గర్లోనే నౌపడ ఉప్పు మడులు. అలాంటి చోట తాగే నీరు తీసే చేతిబోరు పనివారంటే నాకు ఎనలేని గౌరవం.

వాళ్లకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పైపును ఎత్తి దించుతూ, తిప్పుతూ, నీళ్లు పోయగా మెత్తబడిన ఇసుకను పైకి తోడుతూ దిగుతారు. చేతికి తగిలే బరువును బట్టి కింద ఉన్నది బంకమట్టో, సన్న ఇసుకో, నీరిచ్చే ముతక ఇసుకో చెప్పేస్తారు. ముతక ఇసుక తగలగానే సన్నని చీలికలున్న ఫిల్టరు పైపు దించుతారు. నీరు లోపలికి వస్తుంది, ఇసుక బయటే ఆగుతుంది.

అసలు నేర్పు ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. వాననీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. తీపి నీటి మట్టం సముద్ర మట్టం కన్నా ఒక మీటరు ఎత్తుంటే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా తీపి నీరు ఉంటుందని శాస్త్రపు లెక్క. మోటారు పెట్టి అదేపనిగా తోడితే మట్టం ఒక మీటరు తగ్గినా, అదే లెక్కన కింది ఉప్పునీరు సుమారు 40 మీటర్లు పైకి రావచ్చు. అందుకే మంచి పనివాడు లోతుకు ఆశపడడు. రెండడుగులు తక్కువగానే ఆపి, నీరు నోట పోసుకుని చూసి, అప్పుడు పంపు బిగిస్తాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఇక్కడి కరెంటు స్తంభాలను పడగొట్టినప్పుడు మోటార్లు మూగబోయాయి. చేతిపంపుకు కరెంటుతో పనిలేదు.