పైపెట్ పట్టిన చేతులు, సూది వేయించుకున్న చేతులు

అమెరికాలో హైస్కూలు పిల్లలు, అంటే మన లెక్కలో తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివేవాళ్లు, వేసవి సెలవుల్లో ఆసుపత్రుల పరిశోధనాశాలల్లో చేరి పనిచెయ్యడం ఇవాళ పెద్ద వ్యవహారం. కణాలు పెంచుతారు, స్లైడ్లు తయారుచేస్తారు, రోగుల రికార్డుల్లోంచి లెక్కలు తీస్తారు, చివర్న ఒక పోస్టరు పక్కన నిలబడి చెప్తారు. వీళ్లలో మనవాళ్ల పిల్ల ఎవరికన్నా బహుమతి వస్తే మన పత్రికలు 'తెలుగు తేజం' అని ఫొటో వేస్తాయి. అందులో పిల్ల తెలివి ఉంటుంది, తల్లిదండ్రుల సొంతూరు ఉంటుంది, తాతగారి ఆనందం ఉంటుంది. పదహారేళ్ల పిల్లకి ఆ ల్యాబు తలుపు ఎవరు తీశారన్నది మాత్రం ఉండదు.

దరఖాస్తు పెట్టించి ఎంపికచేసే కార్యక్రమాలు ఉన్నాయి, కాదనను. స్టాన్‌ఫర్డ్ వైద్యసంస్థల వేసవి కార్యక్రమం ఎనిమిది వారాలు. కనీసం 500 డాలర్ల భృతి ఇస్తారు, ఉండే చోటు ఎవరిది వాళ్లే చూసుకోవాలి. ఆ ప్రాంతపు అద్దెలకి ఆ డబ్బు ఏ మూలకి? దగ్గర్లో ఇల్లున్నవాళ్లకే అది అందుతుంది. బోస్టన్ విశ్వవిద్యాలయం కార్యక్రమానికైతే ఎదురు వేల డాలర్లు కట్టాలి. ఇవన్నా కంటికి కనపడేవి. కనపడనిది ఇంకోటుంది: నాన్న స్నేహితుడి ల్యాబు, అమ్మతో చదువుకున్న డాక్టరు గారి విభాగం. దీనికి నోటిఫికేషను లేదు, ఇంటర్వ్యూ లేదు, రోస్టరు అసలే లేదు. ఒక్క ఫోను చాలు. ఆ ఫోను చేసే సంబంధాలు లేక డబ్బు మాత్రమే ఉన్నవాళ్ల కోసం దుకాణాలూ వెలిశాయి. హైస్కూలు పిల్లలతో 'పరిశోధన' చేయించి వ్యాసం అచ్చువేయించే కంపెనీలు 2,500 నుంచి 10,000 డాలర్ల దాకా గుంజుతున్నాయని 2023లో ప్రొపబ్లికా అనే వార్తాసంస్థ రాసింది.

ఇట్లాంటి పిల్లలు గురిపెట్టే పెద్ద పోటీ ఒకటుంది. 1942లో వెస్టింగ్‌హౌస్ పేరుతో మొదలైంది, తర్వాత ఇంటెల్, 2017 నుంచి రీజనరాన్. మొదటి బహుమతి 250,000 డాలర్లు. 2016లో చివరి దశకి చేరిన 40 మందిలో 33 మంది వలసవచ్చినవాళ్ల పిల్లలని ఒక అధ్యయనం తేల్చింది. చూశారా వలసజీవుల కష్టం అని మురిసిపోతారు. ఆ 'వలస' అనే మాట దగ్గరే మనం కాసేపు ఆగాలి. అమెరికాలోని భారతీయుల్లో దళితులు, కింది కులాలవాళ్లు కలిపి 1.5 శాతమేనని 2003 నాటి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ అధ్యయనం లెక్క. గుంటూరు, విశాఖ, వరంగల్, హైదరాబాదుల్లో సర్కారు ఖర్చుతో డాక్టర్లయి విమానం ఎక్కినవాళ్లలో ఏ కులాలవాళ్లు ఎక్కువో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను చెప్పాలా? తాత భూమి తండ్రికి కాలేజీ సీటయింది, సీటు వీసా అయింది, వీసా పిల్లకి ల్యాబు అయింది. మూడోతరం వచ్చేసరికి దానికి ప్రతిభ అని పేరుపెట్టారు. (మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేను. పిహెచ్.డి.కి గైడ్ దొరకడానికి ఆరు నెలలు గదుల చుట్టూ తిరిగాను. ఫోను విలువ నాకు తెలుసు.)

పేద పిల్లల కోసం అక్కడ ఏమీ లేదనడం అబద్ధం. ప్రభుత్వ వైద్యపరిశోధనా సంస్థ ఎన్.ఐ.హెచ్., వాషింగ్టన్ చుట్టుపక్కల పేద బడుల పిల్లల్ని భృతి ఇచ్చి తీసుకునే కార్యక్రమం నడిపింది. కానీ 2025 వేసవి ఇంటర్న్‌షిప్‌లని అదే సంస్థ రద్దుచేసింది. బహిరంగంగా ఉన్న తలుపు మూసేస్తే మిగిలేది ఫోనే.

మరి మన పిల్లలు ఆ వయసులో వైద్యపరిశోధనలోకి అడుగుపెట్టలేదా? పెట్టారు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్రప్రభుత్వం కలిసి పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయించాయి. ఎక్కువమంది ఆదివాసీ పిల్లలు, చాలామంది హాస్టళ్లలో ఉండేవాళ్లు. గుజరాత్‌తో కలిపి ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. చావులకి టీకా కారణంగా కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది, ఆ వాదనలోకి నేను పోను. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీసంఘం బయటపెట్టిన లెక్క చూడండి: ఆంధ్రలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లీతండ్రీ బతికే ఉన్నారు, సంతకం వార్డెనుది.

అమెరికా ఇంటర్న్‌షిప్‌కీ ఖమ్మం సూదికీ సంబంధమేంటి అని మిత్రులు అడగొచ్చు. ఆ సంతకమే సంబంధం. అక్కడ మైనరు పిల్ల ల్యాబులో అడుగుపెట్టాలంటే తల్లిదండ్రులు సంతకం చెయ్యాలి. రోగుల వివరాలు ముట్టుకోవాలంటే మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు అంగీకారం అంటే ఏంటో ముందు పాఠం చదవాలి. ఆ పాఠం కూడా ఊరికే పుట్టలేదు. 1932 నుంచి 1972 దాకా టస్కీగీలో సిఫిలిస్ ఉన్న నల్లవాళ్లకి వైద్యం చెయ్యకుండా చూస్తూ కూర్చున్న దుర్మార్గం బయటపడ్డాక, 1974లో చట్టం తెచ్చి రాసుకున్న పాఠం అది. దాన్ని పదహారేళ్లకే చదివిన పిల్ల రేపు ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ప్రశ్న అడుగుతుంది. భద్రాచలం హాస్టల్ పిల్లకి ఆ పాఠం ఎవరూ చెప్పలేదు, చెయ్యి చాచమన్నారు.

ఇంకో మాట. మన పిల్లలకి ఆసుపత్రి కొత్తేం కాదు. వార్డులు ఊడ్చే, మార్చురీలో శవాలు మోసే రెల్లి, మాదిగ, మాల కుటుంబాల పిల్లలు అమ్మానాన్నల వెంట ఆ వరండాల్లోనే పెరిగారు. కానీ ఆసుపత్రి గురించి వాళ్లకి తెలిసింది తెలివి కింద లెక్కకి రాదు. 2006లో రిజర్వేషన్లకి వ్యతిరేకంగా మెడికల్ విద్యార్థులు రోడ్లు ఊడ్చి నిరసన తెలిపారు గుర్తుందా? చీపురు పట్టుకోవడం వాళ్లకి నిరసన, మన తల్లులకి డ్యూటీ.

అందుకని అమెరికాని చూసి ఇక్కడి కార్పొరేటు బడులు ఇట్లాంటివి పెట్టకముందే మనం అడగాలి. గాంధీ, ఉస్మానియా, గుంటూరు, విశాఖ పెద్దాసుపత్రుల్లో గురుకుల పిల్లలకి ఎనిమిది వారాలు, కూలి గిట్టే భృతితో. మే నెలలో ఏజెన్సీ పిల్లలు తునికాకు కోస్తారు, ఆ డబ్బు పోతే ఇల్లు గడవదు, కాబట్టి ఉత్త సర్టిఫికెట్టు కుదరదు. ర్యాంకు చూసి తీసుకోవడమూ కుదరదు. పైపెట్ పట్టడం తర్వాత నేర్చుకోవచ్చు. మొదటి ప్రశ్న వాళ్ల ఇళ్లలోదే ఉండనివ్వండి. ఆసుపత్రి వ్యర్థాలు ఎత్తేవాళ్లకి హెపటైటిస్ బి టీకా వెయ్యాలని 2016 నిబంధనలు చెప్తున్నాయి. మీ జిల్లా ఆసుపత్రిలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులు ఎంతమంది, టీకా పడింది ఎంతమందికి, కిందటేడు సూదులు గుచ్చుకుంది ఎంతమందికి? రిజిస్టర్లు తెరిచి, కార్మికుల్ని ఒక్కొక్కళ్లనీ అడిగితే ఎనిమిది వారాల్లో తేలుతుంది. పదో తరగతి లెక్కలు వస్తే చాలు.