సొంత ఊళ్ళో పరాయివాడు

అస్తిత్వవాద నవల మాట వస్తే మనవాళ్ళు ముందు ఫ్రెంచి రచయిత కామూ పేరే ఎత్తుతారు. తల్లి పోతే కొడుకు ఏడవలేదన్న సంగతిని కోర్టు నేరంతో సమానంగా చూసే ఆయన నవల 1942లో వచ్చింది. దాని ఇంగ్లీషు అనువాదం 1946లో గానీ రాలేదు. దాదాపు అదే కాలంలో మన అంగలూరు మనిషి త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాశాడు. రెండింటికీ పోలిక వెతకొచ్చు గానీ అప్పు వెతకనక్కర్లేదు.

నన్ను కట్టిపడేసేది గోపీచంద్ ఎంచుకున్న చోటు. పరాయితనం చెప్పడానికి ఆయన మహానగరానికి వెళ్ళలేదు, పల్లెటూళ్ళోనే నిలబడ్డాడు. గుణదల కొండ కింద ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు వచ్చే లక్షల మందిలో ఎవరికి ఎవరూ తెలియదు. అయినా ఆ జనంలో నడుస్తుంటే ఒంటరినని అనిపించదు. పల్లెలో అలా కాదు. మామా, బాబాయ్, అత్తా అని వరస కలపకుండా ఎవరూ పలకరించరు. అంత చుట్టరికం మధ్య నవల నాయకుడు సీతారామారావు పరాయివాడైపోతాడు. అందుకే ఆ బాధకు అంత పదును.

పనితనం ఎక్కడుందో చూడండి. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి పోతూ పోతూ అప్పగించిన మాట కొడుకు మెదడులో ముల్లులా దిగింది. అడిగినవాడికల్లా ఇచ్చి ఆస్తి కరగదీశాడు. తీసుకున్నవాళ్ళే తర్వాత మొహం చాటేశారు. ఇంతవరకు మామూలు కథే. అసలు నేర్పు తర్వాత మొదలవుతుంది. భార్య ఇందిరను నొప్పించిన ప్రతిసారీ అతను ఆలోచనలో పడతాడు. ముందు తప్పు తనదే అనుకుంటాడు, ఆ తర్వాత దానికో కారణం దొరుకుతుంది, ఆ కారణానికి సిద్ధాంతం తోడవుతుంది. చివరికి లోకమే దోషి. ఒక్కో మెట్టూ సబబుగానే కనిపిస్తుంది. రచయిత పక్కన నిలబడి తీర్పు చెప్పడు. ఆ తర్కంలోకి మనల్నీ దింపి తలుపు వేసేస్తాడు. వాక్యాలు చిన్నవి, మాటలు ఇంట్లో వాడేవే. అలంకారాలు పెట్టి ఉంటే మనకు తప్పించుకునే దారి దొరికేది.

రామయ్యతాత పాత్రను కొందరు రచయిత గొంతు అంటారు. నాకు అలా అనిపించదు. తాత మాటలకు అనుభవం బలం, సీతారామారావుది వట్టి వాదన. ఒకే ఊళ్ళో ఉంటూ ఇద్దరూ రెండు భాషల్లో మాట్లాడుకుంటున్నట్టుంటుంది. తాత ఎంత దగ్గరకు తీసినా ఆ భాష అతనికి అందదు.

ఈ పుస్తకాన్ని గోపీచంద్ తండ్రికి అంకితమిచ్చాడు, ఎందుకని అడగడం నేర్పినందుకు. ఆ తండ్రి హేతువాది రామస్వామి చౌదరి. ప్రశ్నే ఊపిరిగా ఉన్న ఇంట్లో పెరిగినవాడు, ప్రశ్నించడం తప్ప బతకడం చేతగాని మనిషిని ఇంత నిర్దాక్షిణ్యంగా చూపించాడంటే ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. శ్మశానంలో సీతారామారావు చావు చదవడం కష్టం. అయినా అందులో ఒక్క మాట కూడా తగ్గించడానికి వీల్లేదు.

ఎప్పుడో కాలేజీలో చదివి పక్కన పెట్టినవాళ్ళు మళ్ళీ తీయండి. ఈసారి పెన్సిలు పట్టుకుని, సీతారామారావు వాదన మీకు నిజమనిపించిన చోటల్లా ఒక గీత పెట్టండి.