ధ్రువజలములలో ఓడల భద్రత: నియమావళి గుణదోషములు

హైదరాబాదులోని సైదాబాదు 17వ ఉత్తర అక్షాంశరేఖకు కొంచెము పైన ఉన్నది. ఇచ్చటి విద్యార్థికి మంచుగడ్డ అనగా షర్బతు గ్లాసులో తేలునదే. అయినను ధ్రువజలములలో నడచు ఓడల క్షేమము అతనికి సంబంధము లేని విషయము కాదు. 1981లో మన దేశపు మొదటి అంటార్కిటికా యాత్ర గోవానుండి బయలుదేరినది. ఖాసిం నాయకత్వమున 21 మంది సభ్యులు ‘పోలార్ సర్కిల్’ అను నార్వే ఓడలో పయనించి, 1982 జనవరి 9న అచ్చట దిగిరి. నాటి తరువాత మైత్రి, భారతి కేంద్రములు వెలసినవి. వాటికి సామగ్రి చేరవేయుటకు విదేశపు ఓడలను అద్దెకు తీసుకొనుట పరిపాటి. కావున ఆ ఓడలను శాసించు నియమావళి ఎంత గట్టిదో విచారింపవలసి ఉన్నది.

ఆ నియమావళి పేరు ‘పోలార్ కోడు’. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ దీని భద్రతా భాగమును 2014లోను, కాలుష్య నివారణ భాగమును 2015లోను ఆమోదించినది. 2017 జనవరి 1నుండి ఇది అమలులోనికి వచ్చినది. దక్షిణమున 60వ అక్షాంశమునకు ఆవలనున్న జలములన్నియు, ఉత్తరమున కొన్ని సవరణలతో అంతే మేర, దీని పరిధిలోనివి. మంచును తట్టుకొను శక్తినిబట్టి ఓడలు ఎ, బి, సి అను మూడు తరగతులుగా విభజింపబడినవి. ప్రతి ఓడకు ధ్రువ నౌకా పత్రము, నడపు విధానమును తెలుపు కైపుస్తకము ఉండవలెను.

ఈ నియమావళిలోని మొదటి గుణము, అది భౌతికశాస్త్రముపై నిలిచియుండుట. చలిలో కొన్నిరకముల ఉక్కు పెళుసెక్కును. కాబట్టి తీవ్రమైన చలిలో తిరుగు ఓడ, ఆ ప్రాంతపు దైనిక కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులో అత్యల్పమైన దానికంటె కనీసము 10 డిగ్రీలు తక్కువ చలికి తగినట్లుండవలెను. ఆ సగటును కనీసము 10 సంవత్సరముల లెక్కలనుండి తీయవలెను. సగటు అను మాట ఒకనాటి అతిశీతలమును దాచివేయును గనుక ఈ 10 డిగ్రీల జాగ్రత్త ఉచితమైనది. అట్లే, ఎగిరిపడు నీటితుంపరలు పైతట్టుపై గడ్డకట్టు చోట్ల, చదరపు మీటరుకు 30 కిలోగ్రాముల మంచు పేరుకొనినట్లు లెక్కించి ఓడ నిలకడను పరీక్షింపవలెను. 1,000 చదరపు మీటర్ల తట్టుపై ఇది 30 టన్నుల బరువు! అది పైన చేరుటచే గరిమనాభి పైకి జరుగును. ఓడ ఒరిగినపుడు తిరిగి నిటారగు శక్తి తగ్గును.

ఇక దోషములు. 2007 నవంబరులో ‘ఎక్స్‌ప్లోరర్’ అను యాత్రికుల ఓడ అంటార్కిటికా సమీపమున మునిగినది. అందలి 154 మందియు బ్రదికిరి. దగ్గరలో మరియొక ఓడ ఉండుటయే దానికి ముఖ్యకారణము. ఓడ లేనిచో ఏమగును? నియమావళి ప్రకారము, రక్షణ వచ్చువరకు గడపవలసిన కాలమును 5 దినములకు తక్కువగా లెక్కింపరాదు. కాని 2016లో స్వాల్‌బార్డ్ సమీపమున జరిపిన ఒక పరీక్షలో, మామూలు ప్రాణరక్షక పడవలలో, మామూలు సామగ్రితో అంతకాలము నిలుచుట మిక్కిలి కష్టమని తేలినది. దినముల సంఖ్యను వ్రాసినంతమాత్రమున ఒంటిలో వేడి నిలువదు.

రెండవ లోపము, పరిధి ఇరుకుదనము. మొదట చేపలు పట్టు ఓడలు, విహారనౌకలు, 500 టన్నులకు తక్కువైన సరకు ఓడలు దీనికి లోబడలేదు. 2023లో చేసిన సవరణ 24 మీటర్లకు తక్కువ కాని చేపల ఓడలను, 300 టన్నులనుండి విహారనౌకలను, 300 నుండి 500 టన్నుల లోపు సరకు ఓడలను కలిపినది. అమలు తేదీ 2026 జనవరి 1. అయినను వానికి వర్తించునవి నౌకాగమనము, ప్రయాణ ప్రణాళిక అను రెండు అధ్యాయములే. మంచును తాకు ఓడపొట్టు బలమునుగూర్చిన అధ్యాయము వానికి లేదు. తాకిడికి చిన్న ఓడ, పెద్ద ఓడ అను భేదము తెలియునా?

మూడవది ఇంధనము. చిక్కని నూనెను మోయుట, మండించుట అంటార్కిటికాలో 2011నుండి నిషిద్ధము. ఆర్కిటిక్‌లో ఈ నిషేధము 2024 జూలైనుండియే వచ్చినది. దానికిని 2029వరకు మినహాయింపులు కలవు. ఒలికిన చిక్కని నూనె అట్టి చలినీటిలో చాలకాలము చెడక నిలుచును; అది ఏ ధ్రువమన్నది దానికి లెక్కలేదు.

మొత్తముమీద ఈ నియమావళి విజ్ఞానమున గట్టిది, విస్తృతిలో బలహీనమైనది. 1912లో టైటానిక్ మునిగి సుమారు 1,500 మంది మరణించిన పిదపనే ప్రపంచము 1914లో మొదటి నౌకాభద్రతా ఒడంబడికను వ్రాసుకొన్నది. ఆ ఓడ మునిగినది 41వ అక్షాంశముననే అను సంగతిని భూగోళపాఠము చెప్పు ఉపాధ్యాయులు గుర్తుచేయవలెను. పటముపై గీసిన రేఖను మంచుకొండ ఎరుగదు. తరువాతి సవరణకైనను మరియొక ప్రమాదము కారణము కాకుండుగాక.