ఫ్రీ బేసిక్స్‌కు నిబంధన, టిక్‌టాక్‌కు ఉత్తర్వు

డిజిటల్ సార్వభౌమత్వం అనగానే మనవాళ్లకు టిక్‌టాక్ నిషేధమే గుర్తొస్తుంది. నా మటుకు అంతకు నాలుగేళ్ల ముందు ఫ్రీ బేసిక్స్‌ను ఆపిన తీరే గట్టిది.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్‌ను తెచ్చాయి. మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. కొన్ని సైట్లు చూడ్డానికి డేటా ఖర్చు ఉండదు. ఏ సైట్లన్నది మాత్రం ఫేస్‌బుక్ షరతులను బట్టే. తర్వాత దాన్నే ఫ్రీ బేసిక్స్ అన్నారు. డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలాంటి డేటా ధరలపై చర్చాపత్రం విడుదల చేసేసరికి పత్రికల్లో పేజీ నిండా ఫేస్‌బుక్ ప్రకటనలు, ఒక్క నొక్కుతో ట్రాయ్‌కి వెళ్లిపోయే రెడీమేడ్ లేఖలు. ట్రాయ్ నాలుగు ప్రశ్నలు అడిగితే, ఆ లేఖలు వాటి జోలికి పోకుండా ఫ్రీ బేసిక్స్‌ను మెచ్చుకున్నాయి. అభిప్రాయ సేకరణను ఓట్ల లెక్కింపు అనుకున్నారు కాబోలు!

2016 ఫిబ్రవరి 8న నిబంధన వచ్చింది. చూసే కంటెంటును బట్టి డేటా ధర మార్చకూడదు, మారిస్తే రోజుకు 50 వేల రూపాయల జరిమానా. అమెరికా కంపెనీ తెచ్చిన ఫ్రీ బేసిక్స్‌కు ఎంతో, అలాంటి పథకమే అయిన మన ఎయిర్‌టెల్ జీరోకూ అంతే. పేదలకు దీనివల్ల ఇంటర్నెట్ అందలేదన్నది నిజమే. చవక డేటా అదే సెప్టెంబరులో జియోతో వచ్చింది.

టిక్‌టాక్ కథ వేరు. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది సైనికులు అమరులయ్యారు. జూన్ 29న ఐటీ చట్టం 69ఎ కింద టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లు ఆగిపోయాయి. చర్చాపత్రం లేదు, ప్రజలను అడిగిందీ లేదు. భయం మాత్రం ఉత్తుత్తిది కాదు: నిఘా సంస్థలకు సహకరించాలని చైనా 2017 చట్టం అక్కడి కంపెనీలను నిర్బంధిస్తుంది. కానీ ఏ దేశపు యాప్ అయినా మన డేటాతో ఏం చేయకూడదో ఈ ఉత్తర్వు చెప్పలేదు.

పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగింది. టిక్‌టాక్‌లో డైలాగులు చెప్పిన మన కుర్రాళ్లు అక్కడికి మారి ఫాలోవర్లను మళ్లీ కూడగట్టుకున్నారు. ఇన్‌స్టాగ్రామ్ ఎవరిది? 2016లో ట్రాయ్ గుమ్మం బయటే నిలబెట్టిన ఫేస్‌బుక్‌దే. 2020 ఏప్రిల్‌లోనే అది 43,574 కోట్ల రూపాయలతో జియో ప్లాట్‌ఫామ్స్‌లో వాటా కొంటున్నట్టు ప్రకటించింది కూడా.

అన్ని కంపెనీలకూ వర్తించే వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది 2023 ఆగస్టులో, టిక్‌టాక్‌ను ఆపిన మూడేళ్లకు.