రెండో చిల్లు

మా వీధి చివరి కిరాణా కొట్లో కొత్తగా చేరిన కుర్రాడు మొన్న 15 కిలోల నూనె డబ్బాకు ఒక్కటే చిల్లు కొట్టి వంచాడు. నూనె ఒక్క దూకు దూకి ఆగింది, మళ్లీ గుబుక్కుమని ఎగిరింది. గరాటులో సగం, బల్ల మీద సగం. పైగా ‘నూనె చిక్కగా ఉందండీ’ అని సంజాయిషీ! ఎదురు మూలన రెండో చిల్లు పడ్డాక ధార దారంలా దిగింది.

నూనె తప్పేం లేదు. మట్టం తగ్గేకొద్దీ లోపలి గాలికి చోటు పెరిగి ఒత్తిడి పడిపోతుంది. బయటి గాలేమో 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుందని టారిచెల్లి 1644లోనే రాశాడు. అదే నీళ్లయితే 10 మీటర్ల పైమాటే. 30 సెంటీమీటర్ల నూనె దానికో లెక్కా? లోపలి ఒత్తిడి నూటికి మూడు పాళ్లు తగ్గితే చాలు, ధార ఆగిపోతుంది. తొట్టెలూ కుళాయిల లెక్కల్లో గాలి ఊసే ఉండదన్నది నా పాత ఫిర్యాదు. మూత బిగించిన తొట్టె ఏ ఎక్కాల పుస్తకం చెప్పినా ఖాళీ కాదు.

గాలికి దారివ్వాలనే నా వాదన చెల్లని చోటు తణుకు దగ్గర మా మేనమామ కోళ్ల షెడ్డు. డ్రింకర్లు నింపడం పిల్లల పని. కుండలో నీళ్లు పోసి, పళ్లెం బిగించి, చటుక్కున బోర్లించాలి. అంచు దగ్గరి చిన్న చిల్లులోంచి నీళ్లు పళ్లెంలోకి వచ్చి, చిల్లు మునగ్గానే ఆగిపోతాయి. కోడిపిల్లలు తాగేకొద్దీ చిల్లు బయటపడుతుంది, ఒక బుడగ పైకెక్కుతుంది, ఆ మేరకు నీళ్లు దిగుతాయి. వాల్వు లేదు, కరెంటు లేదు. ఎండపొడ తగిలేచోట మాత్రం మామయ్య పెట్టనిచ్చేవాడు కాదు. లోపలి గాలి వేడెక్కి సాగితే నీళ్లను నెట్టేసి పళ్లెం పొర్లుతుంది. ఇక్కడ రెండో చిల్లు లేకపోవడమే పనితనం. నన్నడిగితే నూనె డబ్బా కంటే ఇదే గొప్పది.

కోళ్లు పెంచే పాఠకులకు ఒక మాట. డ్రింకరు నెత్తిన సూదిమొనంత పగులు కనిపించినా మైనం రుద్ది సరిపెట్టుకోకండి, మార్చేయండి. అందులోంచి గాలి దూరితే నీళ్లన్నీ కింద పరిచిన ఊకలోకే పోతాయి. తడి ఊకలో కాక్సిడియోసిస్ త్వరగా పాకుతుంది.